చైనా పట్టు, మన మగ్గం, అమెరికా చట్టం

మా బుక్కపట్నానికి ఉత్తరాన ధర్మవరం, నైరుతిన హిందూపురం. అప్పట్లో అంతా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. పల్లెల్లో మల్బరీ వేసి పురుగుల్ని పెంచిన రైతు గూళ్లు అక్కడికి తెస్తాడు, రీలర్లు కొని దారం తీస్తారు, ఆ దారాన్ని మెలివేసి, రంగువేసి మగ్గం ఎక్కిస్తారు. బయటివాళ్లకి ఇదంతా ఒకటే వ్యాపారంలా కనిపిస్తుంది. కానీ చైనా పట్టు అన్న మాట ఎత్తితే చాలు, రెండు ఊళ్లూ చెరో పక్షం.

కారణం దారంలోనే ఉంది. చైనా నుంచి వచ్చేది బైవోల్టిన్ గూళ్ల దారం. ఒకే మందంతో, గట్టిగా ఉంటుంది, పడుగుకి బాగా పనికొస్తుంది. మన దగ్గర ఎక్కువగా పండింది సంకర జాతి గూళ్లు, ఆ దారం పేకకి సరిపోతుంది. కాబట్టి చైనా పట్టు చౌకైతే నేతగాడికి ఊపిరి, రైతుకీ రీలరుకీ ఉరి. ఖరీదైతే అటుది ఇటు.

ఢిల్లీ ఈ తగువు ఎలా తీర్చిందో చూడండి. 2003లో చైనా ముడిపట్టులో 2ఏ గ్రేడు, అంతకంటే తక్కువ రకాల మీద యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2011 బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. గూళ్ల ధరలు పడిపోయాయి. 2013లో మళ్లీ 15 శాతం చేశారు. ఆ తర్వాత 10కి వచ్చింది, 2021 బడ్జెట్టులో తిరిగి 15 అయింది. మన భాషలో చెప్పాలంటే రెండు మాడ్యూళ్లు ఒకే వేరియబుల్ మీద ఆధారపడ్డాయి, ఏ టీము గట్టిగా అరిస్తే ఆ టీము కోసం దాని విలువ మార్చుకుంటూ పోయారు.

మన కోడయితే వెనక్కి తిప్పుకోవచ్చు. మల్బరీ అలా కాదు. అది ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండే తోట. ధర పడిందని 2011లో పీకేసినవాడికి 2013లో సుంకం పెంచితే ఒరిగేదేముంది? దారం తీసే పని మానేసి బెంగళూరులో ఏ బిల్డింగు పనికో పోయినవాడూ అంతే. సుంకం సరుకు ధరని మారుస్తుంది. ఈలోగా పని పోగొట్టుకున్న మనిషిని అది వెతుక్కుంటూ రాదు.

మరి మనిషికి సాయం చేసే పథకాలే మన దగ్గర లేవా అంటే, ఉన్నాయి. 1986లో కేంద్రం జౌళి కార్మికుల పునరావాస నిధి పెట్టింది. మిల్లు శాశ్వతంగా మూతపడితే కార్మికుడికి మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 ఇచ్చేవారు. మంచి ఆలోచనే. కానీ అది ప్రైవేటు మిల్లయి ఉండాలి, చిన్నతరహా పరిశ్రమ కాకూడదు, అందులో అయిదేళ్లు ఏకధాటిగా పనిచేసి ఉండాలి అన్నది అప్పటి షరతు. ధర్మవరంలో షావుకారు షెడ్డులో కూలిమగ్గం నేసేవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? మిల్లుకైతే మూసివేత ఉత్తర్వు ఉంటుంది. మగ్గం ఆగిపోతే దానికి ఉత్తర్వు ఎవరిస్తారు?

1992లో సరళీకరణ వేడిలో జాతీయ పునరుద్ధరణ నిధి అని ఇంకోటి వచ్చింది. కొత్త పనులు నేర్పిస్తామన్నారు. డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణలకే పోయింది. 2000లో దాన్ని ఎత్తేశారు.

అమెరికాలో దీనికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. సుంకాలు తగ్గిస్తే దేశం మొత్తానికి లాభం, కానీ దెబ్బ కొందరికే తగులుతుంది కాబట్టి వాళ్లని ఆదుకోవాలి అన్నది 1962లో కెనెడీ ప్రభుత్వం తెచ్చిన వాణిజ్య చట్టంలోని వాదన. మొదట్లో షరతులు ఎంత బిగించారంటే 1969 దాకా ఒక్క కార్మిక బృందానికీ మంజూరు కాలేదు! 1974లో సడలించాక దారిలో పడింది. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెడితే చాలు, వాళ్ల పని దిగుమతుల వల్లే పోయిందా అని కార్మిక శాఖ విచారించేది. అవునని తేలితే శిక్షణ, ఆ శిక్షణ కాలంలో భృతి, ఉద్యోగం కోసం వేరే ఊరు మారితే ఖర్చులు.

ఇక్కడ మన ప్రస్తావన కూడా ఉందండోయ్. 2000ల మొదట్లో ఉద్యోగాలు భారత్ లాంటి దేశాలకి తరలిపోయాయని అక్కడి ప్రోగ్రామర్లు ఇదే చట్టం కింద అర్జీలు పెట్టారు. కార్మిక శాఖ కాదంది. చట్టం 'వస్తువు' తయారుచేసేవాళ్లకే, సాఫ్టువేరు డిస్కులోనో పెట్టెలోనో వస్తే తప్ప వస్తువు కాదు అని. కోర్టుల చుట్టూ తిరిగాక 2006లో ఆ శాఖ మెట్టు దిగింది. 2009లో సేవారంగాన్నీ చట్టంలో చేర్చారు. అంటే హైదరాబాదులో, బెంగళూరులో కూర్చున్న మనం వాళ్లకి చైనా పట్టు లాంటివాళ్లం :) ఆ పథకాన్ని అక్కడి కాంగ్రెసు పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుంచి కొత్త అర్జీల విచారణ ఆగిపోయింది.

దానికీ లోపాలున్నాయి, ఆ పథకాన్ని అచ్చంగా దించుకోమని నేననను. నాకు నచ్చింది ఆ ఒక్క ప్రశ్నే: నీ పని దిగుమతి వల్ల పోయిందా? మన దగ్గర ఆ ప్రశ్న అడిగే కార్యాలయం లేదు.

2019 డిసెంబరులో నేతన్న నేస్తం పథకాన్ని ధర్మవరంలోనే ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు, 2023 దాకా అయిదు సార్లు ఇచ్చారు. అప్పులతో ఆత్మహత్యలు చూసిన ఊరు అది, ఆ డబ్బుని తక్కువ చేసి మాట్లాడను. అయితే షరతు సొంత మగ్గం. పరాయి మగ్గం మీద కూలికి నేసేవాడు, దారం మెలివేసే మిషను దగ్గర నిలబడేవాడు, రంగువేసేవాడు, హిందూపురం వైపు వేడినీళ్లలో గూళ్లు వేసి దారం లాగే ఆడవాళ్లు ఆ జాబితాలోకి రాలేదు. చైనా పట్టు ధర ఎటు కదిలినా మొదట పని పోయేది వాళ్లకే.