ఉప్పు నీళ్ల కొలనులో డాక్టరు లీల్

1909 ఫిబ్రవరి. అమెరికాలో జెర్సీ సిటీ మంచినీళ్ల కేసు నడుస్తోంది. సాక్ష్యం చెబుతున్నది యాభై ఏళ్ల డాక్టరు జాన్ లీల్. రెండు లక్షలకు పైగా జనం తాగే నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలిపించింది ఈయనే. అదీ ఎవరి అనుమతీ అడక్కుండా. ఆ నీళ్లు మీరు తాగుతారా అని నగరం తరఫు వకీలు నిలదీశాడు. తాగుతూనే ఉన్నానన్నారు లీల్. మరి ఇంట్లో వాళ్లకు ఇస్తారా? సందేహం లేకుండా ఇస్తానన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఇంతకంటే నిరపాయమైన నీళ్లు ప్రపంచంలో మరెక్కడా లేవని తన నమ్మకమన్నారు.

మందు కలిపిన నీళ్లంటే జనం హడలిపోయే రోజులవి. ఆయన మాత్రం మరో భయంతో పెరిగారు. తండ్రి కూడా డాక్టరే. అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్లి, చార్లెస్టన్ ముట్టడి రోజుల్లో రక్త విరేచనాలు పట్టుకుంటే, ఆ జబ్బుతోనే ఏళ్ల తరబడి తీసుకుని 1882లో కన్నుమూశారు. కలుషితమైన నీళ్లు మనిషిని ఏం చేస్తాయో కొడుకు పుస్తకాల్లో చదవనక్కర్లేకపోయింది.

జెర్సీ సిటీకి బూంటన్ జలాశయం నుంచి 1904లో నీళ్లు వచ్చాయి. వానలు పడితే ఎగువ ఊళ్ల మురుగు అందులోకి కొట్టుకొచ్చేది. నగరం కోర్టుకెక్కింది. మురుగు కాలువలైనా కట్టండి, మరో ఉపాయమైనా చూపండి అని 1908లో కోర్టు నీళ్ల కంపెనీకి గడువు పెట్టింది. కంపెనీకి ఆరోగ్య సలహాదారు లీల్. ఇంజినీరు జార్జ్ ఫుల్లర్‌ను పిలిపించి 99 రోజుల్లో యంత్రాలు నిలబెట్టించారు. సెప్టెంబరు 26న మందు కలపడం మొదలైంది. మోతాదు లీటరుకు అర మిల్లీగ్రాము కూడా లేదు. 1910లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. మన పంచాయతీ బావుల్లో బ్లీచింగ్ చల్లడం వెనుక ఉన్న ధైర్యంలో ఈయన వాటా చాలా పెద్దదని నేను నమ్ముతాను.

ఈ కథ తిరువళ్లూరు, తిరుత్తణి వైపు ఇంటి ఆవరణలో ఉప్పు నీళ్ల స్విమ్మింగ్ పూల్ కట్టించుకునేవాళ్లకు తప్పక చెప్పాలి. ఎందుకంటే వాళ్లకు మొదట వినపడే మాట, "ఇందులో క్లోరిన్ ఉండదండీ, ఒట్టి ఉప్పే" అని. ఆ మాట నిజం కాదు. లీటరుకు మూడు, నాలుగు గ్రాముల ఉప్పు క్రిములను చంపలేదు. సముద్రంలో అంతకు పదింతలుంటుంది, అక్కడా క్రిములు హాయిగా బతుకుతున్నాయి. మోటారు పక్కనుండే పెట్టెలో టైటానియం పలకల మధ్య కరెంటు పారితే ఉప్పులోంచి క్లోరిన్ పుడుతుంది. కొలనును కాపాడేది అదే, అంటే లీల్ మందే. పని అయ్యాక అది మళ్లీ ఉప్పుగా మారుతుంది కాబట్టి ఉప్పు పెద్దగా తరగదు. అందుకే చాలామంది ఉప్పును చూసుకుని క్లోరిన్‌ను మరచిపోతారు. చూడాల్సింది క్లోరిన్: లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు.

ఆ ప్రాంతపు ఎండ దానికి మొదటి శత్రువు. కత్తిరి ఎండల్లో రక్షణ లేని క్లోరిన్ రెండు మూడు గంటల్లో చాలా మటుకు హరించుకుపోతుంది. సయనూరిక్ ఆమ్లం తగు మోతాదులో ఉంటే నిలుస్తుంది. రాత్రిపూట మోటారు నడిపితే ఇంకా మంచిది. మోటారు ఆగితే క్లోరిన్ పుట్టడమూ ఆగుతుంది, కరెంటు పోయిన రోజు ఇది గుర్తుండాలి. రెండోది పీహెచ్. ఉప్పు కొలనుల్లో అది దానంతటదే పెరుగుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా ఉంటే, 8 దాటేసరికి పావు వంతు కూడా పనికిరాదు. పరీక్ష చీటీ మీద క్లోరిన్ ఉన్నట్టే కనపడుతుంది, గోడకు పాచి మాత్రం పడుతుంది. కఠినమైన బోరు నీళ్లయితే పలకల మీద సున్నం తెల్లగా పేరుకుంటుంది. పలుచని యాసిడ్‌తో కడగాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరు దరిదాపుల్లోకి రానివ్వకూడదు, రెండూ కలిస్తే విషవాయువే.

ఐప్పసి నెల వానలకు కొలను నిండి పొర్లితే ఉప్పు పలచబడుతుంది, అప్పుడు కొలిచి కలుపుకోవాలి. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్లతో వచ్చిన బంధువులు ఇంట్లో దిగితే, పిల్లలంతా ఒకేసారి కొలనులో దూకుతారు. చెమట, నూనె, దుమ్ము అన్నీ క్లోరిన్‌ను తినేస్తాయి. పెట్టెలో పుట్టేది ఆ పూటకు చాలదు. ముందు రోజు రాత్రే మోటారు ఎక్కువ సేపు నడపాలి, పిల్లలను స్నానం చేయించాకే దించాలి, మధ్యాహ్నం మరోసారి నీళ్లు పరీక్షించాలి. క్లోరిన్ ఒకటి కంటే తగ్గితే ఎంత ఏడ్చినా సరే, పిల్లలను పైకి లాగాల్సిందే.