సామాన్యుని వాహనము: సైకిలు రెండువందల యేండ్ల చరిత్ర

1815వ సంవత్సరము ఏప్రిల్ నెలలో తూర్పు ఇండియా దీవులలోని తంబోరా అను అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని బూడిద ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని అడ్డగించుటచే మరుసటి యేట ఐరోపాఖండమున వేసవియే రాలేదు. పంటలు చెడెను, ధాన్యము ప్రియమయ్యెను, గుఱ్ఱములను మేపుట గగనమయ్యెను. ఈ గుఱ్ఱముల కఱవే సైకిలు పుట్టుకకు కారణమైయుండునని కొందరు చరిత్రకారులు ఊహింతురు. ఊహ యెట్లున్నను, 1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మన్‌హైమ్ పట్టణమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను అటవీశాఖోద్యోగి తాను చేసిన రెండు చక్రముల కొయ్యబండి నెక్కి ఊరి వెలుపలకు పోయి తిరిగివచ్చినమాట మాత్రము నిజము. ఆ బండికి పెడళ్లు లేవు, గొలుసు లేదు. రెండు చక్రముల నడుమ ఒక దూలము, దానిపై ఆసనము, ముందు ఒక పిడి. కూర్చున్నవాడు కాళ్ళతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. అట్లు పోయియు డ్రైస్ దొర సుమారు 13 కిలోమీటర్లు గంటలోపల తిరిగివచ్చెను.

ఈ బండి పుట్టిననాడే దాని దారిని గూర్చిన తగవును పుట్టినది. ఆనాటి రాజమార్గములు గుఱ్ఱపుబండ్ల చక్రములచే గాళ్ళు పడియుండెడివి. అందుచే కొయ్యబండివారు పాదచారుల బాటపైకి ఎక్కిరి. నడచువారు మొఱపెట్టుకొనిరి. జర్మనీలోను, ఇంగ్లండులోను, అమెరికాలోను, మన కలకత్తాలో సైతము అధికారులు దానిని నిషేధించిరి. ఆ వేడుక కొలదికాలముననే చల్లారిపోయెను. సైకిలు గుణదోషములను విచారించువారు ఈ తొలి తగవును మరువరాదు. యంత్రమునందలి లోపములను తరువాతి పనివారు ఒక్కొక్కటిగా దిద్దుకొనుచు వచ్చిరి. దారి తగవు మాత్రము నేటికిని తీరలేదు.

యంత్రము బాగుపడిన కథ చిన్నది. 1860 ప్రాంతమున పారిస్ నగరమున ముందుచక్రమునకు పెడళ్లు అమర్చిరి. ఇనుపపట్టా వేసిన ఆ కొయ్యచక్రములు రాళ్ళదారిని ఎంతగా కుదిపెడివనగా, ఇంగ్లీషువారు దానికి ఎముకలు కదలించు బండి యని పేరిడిరి. 1870 తరువాత ముందుచక్రమును మనిషి యెత్తు పెంచిరి. వేగము హెచ్చెను గాని, చిన్నరాయి తగిలినను కూర్చున్నవాడు తలక్రిందుగా పడెడివాడు. 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిలుతో ఈ భయము తొలగెను. రెండు చక్రములు ఇంచుమించు సమానము. తొక్కుడుబలము గొలుసు ద్వారమున వెనుకచక్రమునకు పోవును. 1888లో బెల్ఫాస్టునందు పశువైద్యుడుగానున్న జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరుగొట్టమును తొడిగెను. నేడు పల్లెలో గోడకు చేరవేసియున్న సైకిలు, రూపమున చూచినచో, ఈ ఇరువురి సైకిలే.

అయితే గాలి టైరు వెనుక ఒక దారుణమైన కథ కలదు. సైకిలు మోజుతో 1890 తరువాత లోకమున రబ్బరు గిరాకి అమితముగా పెరిగెను. తోటల రబ్బరు ఇంకను చేతికి రాలేదు; అడవితీగల పాలే ఆధారము. ఆఫ్రికాఖండమున కాంగోదేశము అప్పుడు బెల్జియము రాజైన రెండవ లియోపోల్డు సొంత ఆస్తిగా ఉండెను. నిర్ణయించినంత రబ్బరు తేనివారి గ్రామములను తగులబెట్టుట, భార్యలను బందీలుగా పట్టుట, చేతులు నరకుట అచట నిత్యకృత్యములయ్యెను. రోజర్ కేస్‌మెంట్ అను బ్రిటిషు ఉద్యోగి వ్రాసిన నివేదిక 1904లో వెలువడి లోకమును కలవరపెట్టెను. 1908లో ఆ రాజ్యమును లియోపోల్డు చేతినుండి తీసివేసిరి. సైకిలు ఎవరికిని హాని చేయని వాహనమని పొగడువారు ఈ మాటను సాధారణముగా చెప్పరు. లండనులోను, పారిస్‌లోను ఉద్యానవనములందు విహరించిన దొరలకును దొరసానులకును ఆ మెత్తని ప్రయాణము ఎవరి నెత్తురుతో వచ్చినదో చాలకాలము తెలియనేలేదు.

తొలుత ధనవంతుల వినోదవస్తువైన సైకిలు ఒక తరములోనే కార్మికుల చేతికి వచ్చెను. ఉత్పత్తి పెరిగి వెల తగ్గెను. ఒకరు వాడి విడిచినది మరియొకరు కొనుట ఆరంభమయ్యెను. భారతదేశమున కూడ ఇదే క్రమము. మొదట తెల్లదొరలు, పిమ్మట ప్లీడర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు. ర్యాలీ, హంబర్, హెర్క్యులస్, బి.ఎస్.ఏ. అను పేర్లు సీమనుండి ఓడలలో వచ్చినవే. స్వాతంత్ర్యానంతరము మద్రాసు వద్ద అంబత్తూరులోను, ఆసన్‌సోలులోను, సోనీపట్‌లోను కర్మాగారములు వెలసెను. లూధియానాలో హీరో సంస్థ 1956లో, తన మొదటి సంవత్సరమున, 639 సైకిళ్ళు చేసినది. ముప్పది యేండ్లకు, 1986లో, అదియే ప్రపంచమున అత్యధికముగా సైకిళ్ళు చేయు సంస్థయని లెక్కకెక్కెను.

తెలుగు పల్లెలలో సైకిలు చేసిన పనిని తెలిసికొనవలెనన్న పాతకాలపు దూరములను తలచుకొనవలెను. కాలినడకను మనుష్యుడు గంటకు 4, 5 కిలోమీటర్లు పోవును. అంతకన్న తక్కువ శ్రమతో సైకిలుపై అదే గంటలో 12 మొదలు 15 కిలోమీటర్లు పోగలడు. ఆమడ దూరమున నున్న ఊరు పూటప్రయాణము కాక గంటప్రయాణమైనది. తపాలా బంట్రోతు ఒక్కదినమున నాలుగు ఊళ్ళు తిరుగగలిగెను. పాలవాడు పాలు విరుగకముందే పట్టణము చేరెను. హైస్కూలు లేని ఊరి పిల్లవాడు ఇల్లు విడువకయే పొరుగూరి బడిలో చదువుకొనెను. బట్టలమూటవాడు, ఐసుపుల్లలవాడు, పశువైద్యుడు, పొరుగూరినుండి వచ్చు పంతులుగారు, వీరందరికిని అదియే రథము. సొంతముగా కొనలేనివారికి చెట్టుక్రింద అద్దెసైకిళ్ళ దుకాణముండెడిది. గంట కింతయని అద్దె. ప్రక్కనే గాలిపంపు, పంక్చరు పట్టుటకు నీళ్ళతొట్టి, సొల్యూషను గొట్టము. సీటు అందని బాలురు కడ్డీక్రిందుగా కాలు దూర్చి తొక్కుచు, మోకాళ్ళు కొట్టుకొనిపోవుచు, ఆ అద్దెగంటలలోనే సవారి నేర్చిరి.

కష్టములును తక్కువ కావు. వానకాలమున నల్లరేగడి మన్ను మడ్‌గార్డునకును టైరునకును నడుమ బిగిసి చక్రము కదలకుండును. అప్పుడు మనిషిని మోయవలసిన సైకిలును మనిషియే భుజముపై మోయవలెను. తుమ్మముల్లు, పల్లేరుకాయ ఎదురుచూచుచుండును. ఎదురుగాలి పది కిలోమీటర్ల దారిని ఇరువది చేయును. మేనెల మధ్యాహ్నమున ఏ ఆరోగ్యశాస్త్రము చెప్పినను సైకిలు వ్యాయామము కాదు, శిక్షయే. పంచెకుచ్చెళ్ళు గొలుసులో పడి నడివీథిలో పరువు పోగొట్టుకొనిన పెద్దమనుష్యులు ప్రతి ఊరను ఉండిరి. పట్టణములకు పోయినచో పురపాలకసంఘము వారి బిళ్ల, రాత్రివేళ దీపము, ఇరువు రెక్కినచో జుల్మానా. వీటికి తోడు సైకిలు, చేతిగడియారము, రేడియో పెండ్లికొడుకు అలకపాన్పు కోరికలలో చేరి, ఆడపిల్లల తండ్రులకు అప్పులు తెచ్చిపెట్టెను. ఈ చివరిదోషము ఇనుముది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకన్న పెద్దదోషము మరియొకటి కలదు. సైకిలు కొనగలిగినంతమాత్రమున అందరును దానిపై కూర్చుండి పోవుటకు వీలుండెడిది కాదు. దేశమున అనేక గ్రామములలో దళితులు పైకులములవారి వీథిలో సైకిలు దిగి నడిపించుకొని పోవలెనను కట్టుబాటుండెను. 2001-02లో 11 రాష్ట్రములందలి 565 గ్రామములలో అంటరానితనముపై జరిగిన పరిశీలనలో ఇట్టి కట్టుబాట్లు కొన్నియెడల అప్పటికిని మిగిలియున్నట్లు తేలెను. దారి అందరిదని శాసనము చెప్పుట వేరు, దారిపై అందరును తలయెత్తి పోవుట వేరు. కూర్చున్నవాని తల నిలుచున్నవాని తలకన్న ఎత్తుగా కనబడుటయే ఇచట నేరమయ్యెను.

స్త్రీల విషయమును ఇట్టిదే. 1890 ప్రాంతమున ఐరోపా, అమెరికాలందు సైకిలు తొక్కిన స్త్రీల ముఖము వికారమగునని కొందరు వైద్యులే వ్రాసిరి. మనదేశమున పల్లెటూరి ఆడవారికి వెనుక క్యారేజీపై ఒకప్రక్కగా కూర్చుండుటయే చాలకాలము దక్కిన భాగ్యము. ఈ స్థితిని కదిలించినది తమిళదేశమున పుదుక్కోట్టై జిల్లా. అది వానలు తక్కువైన బీదజిల్లా. 1991లో అచట అక్షరాస్యతోద్యమము నడుచుచుండగా, నాటి కలెక్టరు షీలారాణీ చుంకత్ చదువుతోబాటు స్త్రీలకు సైకిలు నేర్పుటను కూడ కార్యక్రమమున చేర్చెను. ఊరూర చదువు చెప్పుటకు పోవలసిన స్త్రీలు తమంతట తాము పోవలెను గదా! రాతిగనుల కూలీలు, వ్యవసాయకూలీలు, అంగన్‌వాడీ పనివారు, ఉపాధ్యాయినులు వేలకొలదిగా నేర్చిరి. 1992 మహిళాదినోత్సవమునాడు 1500 మందికి పైగా స్త్రీలు పుదుక్కోట్టై వీథులలో సైకిళ్ళపై ఊరేగిరి. మగవారి వెక్కిరింపులు లేకపోలేదు. ఆడవారి సైకిళ్ళు దుకాణములలో చాలకపోగా వారు మగవారి సైకిళ్ళనే కొనిరి. ముందుకడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే అనువని కొందరు దానినే కోరిరి. పొలముపంటను సంతకు చేర్చుటకు, నీళ్ళు తెచ్చుటకు, బస్సుకై గంటల తరబడి కనిపెట్టుకొనియుండు బాధ తగ్గెను. మిగిలిన ఆ గంటలే వారి అసలు ఆదాయము.

బీహారు రాష్ట్రమున 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిలు కొనుటకు ప్రభుత్వము పైకమిచ్చెను. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు దీని ఫలితమును పరిశీలించి 2017లో ప్రకటించిరి. తగిన వయసున ఉన్నతపాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగెను. బాలబాలికల నడుమ నున్న అంతరము 40 శాతము తగ్గెను. బడి 3 కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న గ్రామములందే ఈ మేలు హెచ్చుగా కనబడెను. బాలికలను ఆపినది బుద్ధిమాంద్యము కాదు, మూడు కిలోమీటర్ల ఒంటరిదారి యని దీనిచే తెలియుచున్నది.

సైకిలును కేవలము విముక్తిసాధనముగా కీర్తించుటకు ముందు జార్ఖండు రహదారులను చూడవలెను. గనులవద్ద ఏరిన బొగ్గును బస్తాలకెత్తి, ఒక్కొక్క సైకిలుపై 200 కిలోలకు పైగా వేసికొని, ఎత్తుపల్లముల దారిని ఊళ్ళకు చేర్చి అమ్ముకొని బ్రదుకువారచట కలరు. తొక్కుటకు వీలుకాదు, త్రోయుటయే. 1954లో వియత్నాము దేశస్థులు డియెన్ బియెన్ ఫూ యుద్ధమున ఇట్లే సైకిళ్ళపై బరువులు త్రోసి ఫ్రెంచిసేనను ఓడించిరని చరిత్ర పొగడును. యుద్ధమున కొన్ని నెలలు త్రోయుట వేరు, పొట్టకూటికై ఏండ్ల తరబడి త్రోయుట వేరు. వీరికి సైకిలు కోరుకొనిన వాహనము కాదు. ఎద్దును కొనలేనివాడు తానే ఎద్దగుట.

ఇక దారి తగవు. మోటారుబండ్లు పెరిగినకొలది సైకిలువాడు రోడ్డు అంచునకు, అంచునుండి మట్టిలోనికి తొలగింపబడెను. భారతదేశమున 2022లో రోడ్డుప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందులో సైకిలుపై పోవుచుండినవారు వేలసంఖ్యలో కలరు. కలకత్తా నగరమున 2013లో వాహనరద్దీ పేరుతో 174 వీథులందు సైకిలును నిషేధించిరి. పాలవాండ్రు, పత్రికలు వేయువారు, చిల్లరపనివారు ఆందోళన చేసినమీదట ఆ సంఖ్య తగ్గెను. డ్రైస్ దొర కొయ్యబండిని నిషేధించిన నగరములలో ఇదియు ఒకటియని పైన చెప్పబడినది గదా. రెండువందల యేండ్లకు చక్రము మరల ఆ చోటికే వచ్చెను.

దారిని తిరిగి సంపాదించుకొనిన దేశము హాలెండు. అచట 1971లో రోడ్డుప్రమాదములలో 3000కు పైగా మరణించిరి. అందు 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు శిశుహత్యలు ఆపుడని నినదించుచు వీథులలో బైఠాయించిరి. 1973లో చమురు కరవు రాగా నవంబరు 4 మొదలు కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని ప్రభుత్వము శాసించెను. పిమ్మట ఊరూర సైకిలుకు వేరుదారులు వేసిరి. నేడు ఆ దేశమున జరుగు ప్రయాణములలో నాలుగవవంతునకు పైగా సైకిలుపైననే. అది చదునైన చల్లని దేశము కాబట్టి సాధ్యమైనదనువారు కలరు. చదునుదనము 1971లో కూడ ఉండెను.

మనదేశమున 2001 జనాభాలెక్కలలో 43.7 శాతము కుటుంబములకు సైకిలుండగా, 2011లో 44.8 శాతమునకు మాత్రమే పెరిగెను. అదే పదేండ్లలో మోటారు ద్విచక్రవాహనములు గల కుటుంబములు 11.7 నుండి 21 శాతమునకు పెరిగెను. నాలుగు రూకలు చేతికి రాగానే మోటారుసైకిలు కొనువానిని తప్పుపట్టుట సులభము. కాని ముప్పదేండ్లు ఎదురుగాలిలో తొక్కినవాని మోకాళ్ళకు ఆ తీర్పు రుచింపదు. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్యసర్వేలో సైకిలుగల కుటుంబములు సగమునకు స్వల్పముగ హెచ్చుగానే తేలెను. 2023 అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుదారిని తెరచిరి. దానికి సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించు పలకలు కప్పిన నీడకూడ కలదు. చక్కని దారియే. అది వ్యాయామమునకు వచ్చువారికి బాగుగా పనికివచ్చుచున్నది. ఇటుకబట్టీకి, కూరగాయల అంగడికి, బడికి పోవు సైకిళ్ళు మాత్రము పాతదారిననే, లారీల ఎడమప్రక్కన, మట్టిలో పోవుచున్నవి.