నూరు డాలర్ల వ్యాజ్యెము

భర్తను చంపినవారిమీద వ్యాజ్యెము వేసి, ఒక విధవరాలు నూరు డాలర్లు మాత్రమే పరిహారమడిగెనని చెప్పిన నమ్ముదువా? ఆమె కొరెట్టా కింగ్‌గారు.

ఆమె భర్త మార్టిన్ లూథర్ కింగ్‌గారు బాప్టిస్టు సంఘకాపరి. చెత్త ఎత్తు పనివారి సమ్మెకు తోడుగా అమెరికాలోని మెంఫిస్ పట్టణమునకు వెళ్లి, 1968 ఏప్రిల్ 4న లోరెయిన్ మోటెల్ మేడవసారాలో తుపాకిగుండు తగిలి మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 39. జేమ్స్ ఎర్ల్ రే అనువాడు 1969లో నేరమొప్పుకొనగా 99 సంవత్సరముల శిక్ష పడెను. మూడు దినములకే అతడు మాట మార్చి, 1998లో చనిపోవువరకు నేను చంపలేదనియే చెప్పుచు వచ్చెను.

గుండు ఎదుటనున్న అద్దెగదుల ఇంటినుండి వచ్చెనని పోలీసులు చెప్పిరి. ఆ ఇంటి క్రింద భోజనశాల నడిపిన లాయిడ్ జోవర్స్, ఈ హత్యలో నాకును పాలున్నదని 1993లో టెలివిజనులో చెప్పెను. కింగ్‌గారి కుటుంబము అతనిమీద సివిలు దావా వేసెను. 1999లో విచారణ జరిగెను. సుమారు 70 మంది సాక్షులు. జోవర్సును, ప్రభుత్వ శాఖలతో కూడ మరికొందరును కుట్రలో ఉన్నారని 12 మంది జూరీ తీర్పు చెప్పెను.

ఇక్కడ కొంచెము ఆగుము. సివిలు దావాలో ఎవరును చెరసాలకు పోరు. ఏ పక్షమువైపు త్రాసు మొగ్గునో అంతే చూతురు. పైగా జోవర్స్ వకీలు కుట్ర లేదని వాదింపలేదు. నావాని పాలు స్వల్పమనియే అనెను. నింద పడిన ప్రభుత్వ శాఖలు ఆ దావాలో ప్రతివాదులే కావు. మన రచ్చబండయొద్ద వాది ప్రతివాదులిద్దరును ఒకే మాట చెప్పి, అక్కడ లేని మూడవవానిని చూపినయెడల పెద్దలు ఏమి చేయుదురు?

నామట్టుకు ఆ తీర్పును పూర్తిగా ఒప్పుకొనలేను. అయినను ఆ కుటుంబమును తప్పుపట్టను. ఎఫ్.బి.ఐ. కింగ్‌గారి టెలిఫోను మాటలు దొంగచాటుగా వినెను. 1964లో ఆయన చావును ప్రేరేపించు ఆకాశరామన్న ఉత్తరమొకటి పంపెను. ఇవి తరువాత రుజువైన సంగతులు. అట్టి ప్రభుత్వము మాట ఆ తల్లి ఎట్లు నమ్మును?

జోవర్స్ మాటలు పలుమారులు మారినవనియు, నమ్మదగినవి కావనియు అమెరికా న్యాయశాఖ 2000 జూనులో నివేదిక ఇచ్చెను. అంతకు ముందు నెలలోనే జోవర్స్ మరణించియుండెను.