తెల్లగా మెరిసేదంతా స్టెయిన్‌లెస్ కాదు

శాన్ రామన్ సైట్‌లో నాతో పనిచేసే అమెరికన్ పెద్దాయన వాళ్ల నాన్న రివాల్వర్ ఫోటో చూపించాడు. "స్టెయిన్‌లెస్ అని రాసి షాపులో అమ్మకానికి పెడతా" అన్నాడు. ఎప్పుడు కొన్నదని అడిగా. 1950లలో అన్నాడు. అక్కడే తేలిపోయింది.

షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు చేసింది 1913లో. దాంతో రివాల్వర్, స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60, వచ్చింది మాత్రం 1965లో. అంతకుముందు తెల్లగా మెరిసినవి ఎక్కువగా నికెల్ పూతవే. 1870ల కోల్ట్‌లకూ ఆ పూత ఉండేది.

ఐటీఐలో ఫిట్టర్ చదివిన కన్నుతో చూస్తే తేడా తెలుస్తుంది. నికెల్‌లో కాస్త పసుపు ఛాయ, స్టెయిన్‌లెస్‌లో బూడిద ఛాయ. అంచుల్లో పూత పెచ్చులు లేస్తుంది. స్టెయిన్‌లెస్‌కు లేవడానికి పూతే లేదు. అయస్కాంతాన్ని నమ్మొద్దు, తుపాకుల స్టెయిన్‌లెస్ చాలావరకు దానికి అంటుకుంటుంది. పూత కింద రాగి ఉంటే, అమ్మోనియా క్లీనర్ పగుళ్లలోంచి దిగి దాన్ని తినేస్తుంది.

పెద్దాయన "నికెల్ పూత" అని మార్చి రాశాడు. అబద్ధం తప్పింది.

నేను ఫోటోనే చూశా. వీసా మీద ఉన్నవాళ్లు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. సరదాకి కూడా చేతిలోకి తీసుకోకండి తమ్ముళ్లూ.