గది, చెవి, లౌడ్‌స్పీకరు

ఒకే లౌడ్‌స్పీకరు ఒక యింట స్పష్టముగా పలుకును. మరియొక యింట మాటలన్నియు కలిసిపోయి మ్రోతగా వినవచ్చును. దోషము యంత్రమునది కాకపోవచ్చును. చెవికి చేరు ధ్వనిలో కొంత మాత్రమే యంత్రమునుండి తిన్నగా వచ్చును; తక్కినది గోడలు, నేల, పైకప్పులపై పరావర్తనము చెంది వచ్చును. ఈ రెండవ భాగమును శాస్త్రజ్ఞులు లెక్కలోనికి తెచ్చిన చరిత్ర 1895లో ప్రారంభమైనది.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున అప్పుడే కట్టిన ఫాగ్ ఉపన్యాసమందిరములో పలికిన మాట సుమారు 5.5 సెకనులు మ్రోగుచుండెను. ఒక మాట అణగకముందే పది మాటలు దానిపై వచ్చి పడుచుండెను. దీనిని సరిదిద్దుమని అధికారులు వాలెస్ సాబిన్ అను యువ అధ్యాపకుని కోరిరి. పగటి సందడి అడ్డువచ్చుటచే ఆయన రాత్రులందు పనిచేసెను. సెకనుకు 512 కంపనములుగల ఆర్గను గొట్టమును మ్రోగించి, ఆపి, ధ్వని వినబడకుండ పోవుటకు పట్టు కాలమును కొలిచెను. సమీపమునగల సాండర్సు నాటకశాలనుండి కుర్చీల మెత్తలు తెప్పించి పరపించెను. మెత్తలు పెరిగినకొలది కాలము తగ్గెను.

ఇంతలో బోస్టన్ నగరమున నిర్మింపదలచిన సంగీతమందిరమునకు సలహా చెప్పుమని ఆయనకు పిలుపు వచ్చెను. కొలతలు చేతనున్నవి గాని సూత్రము చిక్కలేదు. ఊహపై ఆధారపడి కట్టిన మందిరమును తరువాత మార్చుట కష్టము. సాబిన్ మొదట సందేహించెను. 1898లో సూత్రము దొరకిన పిదపనే ఆ బాధ్యతను స్వీకరించెను. 1900 అక్టోబరు 15న తెరవబడిన ఆ మందిరము నేటికిని ప్రపంచమునందలి ఉత్తమ సంగీతశాలలలో ఒకటిగా పేరొందియున్నది.

ఆ సూత్రము సులభమైనది. గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని 0.16చే గుణించి, గదిలోని మొత్తము శోషణముచే భాగించినచో అనురణనకాలము సెకనులలో వచ్చును. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల గది ఘనపరిమాణము 60 ఘనమీటర్లు. దాని శోషణము 8 చదరపు మీటర్లైనచో కాలము 1.2 సెకనులు. తెరలు, తివాచీలు వేసి శోషణమును 16 చేసినచో అది 0.6 సెకనుకు దిగును.

1925లో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు కదలు తీగచుట్టగల లౌడ్‌స్పీకరును వివరించిరి. కాని ఒక్క స్పీకరు ధ్వనికి దిక్కును చూపజాలదు. 1931 డిసెంబరు 14న ఇంగ్లండులో అలెన్ బ్లుమ్‌లైన్ రెండు స్పీకర్లతో ఈ లోపమును తీర్చు పద్ధతికి పేటెంటు కోరెను. ఆయన 1942 జూన్ 7న రాడారు పరీక్షలో విమానము కూలి, 38 ఏండ్లకే మరణించెను. 1958లో స్టీరియో రికార్డులు విరివిగా అంగడికి వచ్చినప్పుడు వానిని వినుటకు ఆయన లేడు.

ముందుగా చేరిన ధ్వనివైపే చెవి దిక్కును నిర్ణయించునని 1949లో జర్మనీలో హెల్మట్ హాస్ తన పరిశోధనలో విశదపరచెను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. శ్రోత ఒక స్పీకరుకు రెండవదానికన్న 34 సెంటీమీటర్లు దగ్గరగా కూర్చున్నచో, దాని ధ్వని సెకనులో వెయ్యవవంతు ముందు చేరును. పాటయంతయు ఆ వైపునుండియే వచ్చునట్లుండును. కావుననే రెండు స్పీకర్లును, శ్రోతయు సమబాహు త్రిభుజము మూడు శీర్షములందుండవలెనందురు.

మంద్రధ్వనుల సంగతి వేరు. 5 మీటర్ల దూరముననున్న రెండు గోడలమధ్య సెకనుకు 34 కంపనములుగల ధ్వని స్థిరతరంగమగును. ఆ ధ్వని గోడలవద్ద మిక్కుటముగాను, నట్టనడుమ శూన్యప్రాయముగాను వినబడును. స్పీకరును మూలకు చేర్చినచో మంద్రము మితిమీరుటకును, గది నట్టనడుమ కూర్చున్నవానికి ఆ స్వరము లోపించుటకును ఇదియే కారణము.

సాబిన్ ప్రయోగమునకు ఏ పాఠశాలయైనను చాలును. ఖాళీ తరగతిలో ఒకసారి, విద్యార్థులు నిండిన తరగతిలో ఒకసారి చప్పట్లు చరచి వినవలెను. మనుష్యుల దేహములును, దుస్తులును ఆ మెత్తలవలెనే ధ్వనిని త్రాగివేయుట అప్పుడు తెలియును.