ఉచిత మార్గము – మేఘ భాండారము

వర్తకమునకు మార్గము, భాండారము రెండును ప్రాణములు. సరుకు పోవు దారియు, సరుకు నిలువయుండు గిడ్డంగియు ఒక్కరి చేతిలో నున్నచో ఆ ప్రాంతపు సంతయు క్రమముగా వారి వశమగును. 1870లో బొంబాయిని లండనుతో కలుపుచు సముద్రగర్భమున తంతి వేసిన కంపెనీలు ఈ సత్యము నెరిగినవే. ధర వార్త ముందుగా చేరినవానికి లాభము దక్కు కాలమది. ఇరువదియొకటవ శతాబ్దమున సమాచారమే సరుకైనది. ఆ సరుకునకు దారి ఇంటర్నెట్, గిడ్డంగి ‘క్లౌడ్’. ఈ రెంటికొరకు అమెరికా మహా కంపెనీలు సాగించిన పోటీలో భారతదేశము ఒక ముఖ్యమైన రంగస్థలమయ్యెను. పల్లెలో మొదటిసారి ఫోను తెరచిన రైతు మొదలు రాజధానిలోని ప్రభుత్వ కార్యాలయము వరకు ఈ చరిత్రతో అందరికిని సంబంధము గలదు.

క్లౌడ్ అనగా మేఘము. పేరు మేఘమే గాని అది ఆకాశమున నుండదు. వేలకొలది కంప్యూటర్లు, వానిని చల్లబరచు యంత్రములు, ఎడతెగని విద్యుచ్ఛక్తి గల పెద్ద భవనములే ఈ మేఘములు. పూర్వము ప్రతి సంస్థయు తన లెక్కలకు కావలసిన కంప్యూటర్లను తానే కొని, తన గదిలోనే నిలుపుకొనెడిది. 2006 మార్చిలో అమెజాన్ కంపెనీ ఎస్3 అను నిలువ సేవను, అదే సంవత్సరము ఆగస్టులో ఇసి2 అను గణన సేవను ప్రారంభించి, కంప్యూటరు శక్తిని అద్దెకిచ్చు పద్ధతిని విరివిగా బజారులో బెట్టెను. వాడినంతకే వెల. 2008లో గూగుల్, 2010లో మైక్రోసాఫ్ట్ ఈ బేరమున దిగినవి. చిన్న వ్యాపారికి సైతము పెట్టుబడి లేకుండ పెద్ద యంత్రాంగము లభించుటచే ఈ పద్ధతి శీఘ్రముగా వ్యాపించెను.

గిడ్డంగి నిండవలెనన్న దారిని జనము నడువవలెను గదా! ఆనాటికి ప్రపంచమున కోట్లకొలది ప్రజలకు ఇంటర్నెట్ అందలేదు. వారిని చేరుటకు కంపెనీలు ఆకాశమును సైతము వెదకినవి. గూగుల్ 2013లో న్యూజిలాండులో బెలూన్లను ఎగురవేసి వానినుండి ఇంటర్నెట్ ప్రసరింపజేయు ‘లూన్’ ప్రయోగమును చేసెను. ఫేస్‌బుక్ సూర్యశక్తితో నడచు ‘అక్విలా’ విమానమును 2016లో అమెరికాలోని అరిజోనాలో ఎగురవేసెను. అక్విలా 2018లోను, లూన్ 2021లోను ముగిసినవి. ఫేస్‌బుక్ తన గిడ్డంగులను ఇతరులకు అద్దెకిచ్చు వ్యాపారము చేయలేదు. జనుల సంభాషణలను, అభిరుచులను అందు నిలువజేసి, వాని యాధారమున ప్రకటనలమ్ముటయే దాని వృత్తి. కావున కొత్త జనులు వచ్చుట దానికి అత్యావశ్యకము.

ఆ కొరకే ఫేస్‌బుక్ 2013 ఆగస్టులో ఇతర కంపెనీలతో గూడి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ అను పథకమును ప్రకటించి, 2014లో ఆఫ్రికాలోని జాంబియాలో ప్రారంభించెను. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా అది భారతదేశమున అడుగిడెను. తొలుత ప్రవేశపెట్టిన ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు గలవు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో దానికి ‘ఫ్రీ బేసిక్స్’ అని పేరు మార్చిరి. డేటాకు సొమ్ము చెల్లింపకయే వాతావరణము, ఆరోగ్యము, వార్తలు మున్నగు కొన్ని సేవలను, వానితోపాటు ఫేస్‌బుక్‌ను చూడవచ్చును. ఆ జాబితాకు వెలుపలనున్న ఇంటర్నెట్ కావలెనన్నచో సొమ్ము చెల్లింపవలెను. జాబితాలో చేరుటకు నియమములను నిర్ణయించునది ఆ కంపెనీయే.

దీనిపై దేశమున గొప్ప వాదము చెలరేగెను. ఏమియు లేనివానికి కొంతయైన దొరకుట మేలుగదా యని పథకమును సమర్థించినవారనిరి. ‘పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు’ అను సామెత విమర్శకులకు వర్తించునట్లే తోచెను. ఈ వాదము తీసివేయదగినది కాదు. డేటా వెల అధికముగా నున్న ఆ దినములలో పేదవానికి ఉచితమను మాట చిన్నది కాదు.

అయినను రెండవ పక్షపు వాదము మరింత లోతైనది. వేసవిలో చలివేంద్రము పెట్టినవాడు దాహముగొన్న ప్రతివానికిని నీరిచ్చును. త్రాగినవాడు ఏ దుకాణమునకు బోవునో అడుగడు. తన దుకాణము మీదుగా వచ్చినవారికే నీరిత్తునన్నచో అది చలివేంద్రము కాదు, వ్యాపారము. వ్యాపారము దోషము కాదు. దానిని ధర్మమని పిలుచుటయే చిక్కు. ఉచితపు జాబితాలోని సేవకు, సొమ్ము చెల్లించి చూడవలసిన సేవకు సమమైన పోటీ యెన్నటికిని కుదరదు. ఒక చిన్న తెలుగు పత్రికయో, కొత్తగా పుట్టిన కంపెనీయో ఆ ద్వారము వెలుపల నిలిచిపోయినచో, లోపలనున్న పేద పాఠకునకు అవి యున్నట్లే తెలియదు.

నిర్ణయ భారము టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్‌పై బడెను. 2015 మార్చిలో ఆ సంస్థ ప్రచురించిన చర్చాపత్రమునకు పది లక్షలకు మించి ఈమెయిళ్ళు వచ్చినవి. డిసెంబరులో డేటా వెలలలోని భేదములను గూర్చి మరియొక పత్రము వెలువడగా, ఫేస్‌బుక్ తన వినియోగదారులచే ముందుగా వ్రాసియుంచిన సమర్థనలను పంపించెను. అడిగిన ప్రశ్నలకు వానిలో సమాధానము లేదని ట్రాయ్ తెలియజేసెను. తుదకు 2016 ఫిబ్రవరి 8వ తేదీన వెలువడిన నిబంధనలు, చూచు విషయమును బట్టి డేటా వెలలో భేదము చూపరాదని శాసించినవి. ఉల్లంఘించిన టెలికాం సంస్థకు దినమునకు 50,000 రూపాయలు, గరిష్ఠముగా 50 లక్షల రూపాయలు జరిమానా. అత్యవసర సేవలకు మాత్రము మినహాయింపు గలదు. ప్రజలలో అధికులకు ఇంటర్నెట్ ఇంకను అందని దేశమున, అది ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారమును సేవాదాతలకు విడుచుట ప్రమాదకరమని ట్రాయ్ తలచెను. కొలది దినములకే ఫ్రీ బేసిక్స్ భారతదేశమున ఆగిపోయెను.

ఉచితమైన దారులన్నియు ఒకే తీరువి కావని నిరూపించు ఉదాహరణము రైల్వేలలోనే గలదు. రైలు పట్టాల వెంబడి ఫైబరు తంతులు గల ప్రభుత్వ సంస్థ రైల్‌టెల్‌తో గూడి గూగుల్ 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనులో ఉచిత వైఫై ప్రారంభించెను. 2018 జూన్‌లో డిబ్రూగఢ్‌తో నాలుగువందల స్టేషన్లు పూర్తియైనవి. ఈ దారిలో ప్రయాణికుడు ఏ సేవనైనను చూడవచ్చును. గూగుల్‌కు ఇందు లాభము లేకపోలేదు. జనము ఇంటర్నెట్‌లో ప్రవేశించినచో వెదుకుటకు దానికడకే అధికముగా వత్తురు. కాని తంతి ప్రభుత్వ సంస్థదే. 2020లో గూగుల్ ఆ కార్యక్రమమునుండి విరమించుకొన్నను, స్టేషన్లలో రైల్‌టెల్ సేవ నిలువలేదు. దాత వెడలిపోయినను దారి మిగిలెను.

డేటా వెల తగ్గుటకు ముఖ్య కారణము దేశములోని పోటీయే. 2016 సెప్టెంబరులో ప్రవేశించిన జియో 2017 మార్చి వరకు డేటాను ఉచితముగా నిచ్చి, పిదప స్వల్పమైన వెలకు అమ్మెను. ఇతర కంపెనీలును వెల తగ్గింపక తప్పలేదు. కొన్ని చిన్న కంపెనీలు ఆ పోటీకి తాళజాలక కనుమరుగైనవి. దారి భారతీయుల చేతికి వచ్చెనని పలువురు సంతసించిరి. కాని 2020లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు, గూగుల్ 33,737 కోట్ల రూపాయలు జియో వేదికలలో పెట్టుబడి పెట్టినవి. ఆకాశమార్గమున రాలేనివారు వాటాదారులై వచ్చిరి.

ఇక భాండారపు సంగతి. ఉచిత మార్గమున ద్వారము ప్రవేశమునొద్ద నుండగా, క్లౌడ్ గిడ్డంగిలో అది నిష్క్రమణమునొద్ద నుండెను. డేటాను లోనికి పంపుటకు సాధారణముగా రుసుము లేదు. వెలికి దీసికొనుటకు మాత్రము రుసుము గలదు. గాదెలో ధాన్యము పోయుట ఉచితము, తీయుటకు వెల యన్నట్లు! విమర్శలు, ఐరోపాలో కొత్త చట్టము వచ్చుటచే, 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమను పూర్తిగా విడిచిపోవు ఖాతాదారులకు ఆ రుసుమును తొలగించినవి. అయినను వేరు గిడ్డంగికి అనువుగా లెక్కలన్నిటిని తిరుగ వ్రాయు శ్రమ మిగిలియే యున్నది.

ఈ ద్వారము ఎంత బలమైనదో 2025 జులైలో తెలియవచ్చెను. ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించిన పిదప, భారతదేశమున చమురు శుద్ధి చేయు నయారా ఎనర్జీ కంపెనీకి మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసెను. కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన తరువాత సేవలు పునరుద్ధరింపబడెను. ఉత్తరములు, పత్రములు తనవే యైనను తాళపుచెవి పరునిదని ఆ కొద్ది దినములలో తేటపడెను.

ప్రభుత్వము ఈ సంగతి నెరుగకపోలేదు. ఎన్‌ఐసి ద్వారా ‘మేఘరాజ్’ అను స్వకీయ క్లౌడ్ 2014లోనే ప్రారంభమయ్యెను. సుమారు పన్నెండు లక్షలమంది కేంద్రోద్యోగుల ఈమెయిళ్ళు భారతీయ సంస్థయగు జోహో వేదికకు మారినట్లు 2025లో వెల్లడియయ్యెను. స్వదేశీయమగుట మేలే. కాని స్వదేశీయునకును తాళపుచెవి గలదు. దానికిని నియమము వలయును.

తెలుగునాట ఈ గిడ్డంగులు వేగముగా లేచుచున్నవి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రములను తెరచెను. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నమున, అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో మహా కేంద్రమును, సముద్రగర్భ తంతుల రేవును ప్రకటించెను. దారియు గిడ్డంగియు ఒకే తీరమున కలియుచున్నవి. వీనివలన పన్నులు, పనులు, ప్రతిష్ఠ చేకూరవచ్చును. విద్యుచ్ఛక్తి యెంత, నీరెంత, ద్వారముపై అధికారము ఎవరిది యను ప్రశ్నలును వానితోనే వచ్చును.

2016నాటి నిర్ణయమువలన తేలిన పాఠమిదియే. ఉచితముగా నిచ్చువానిని నిందింపనక్కరలేదు, చేతులెత్తి మ్రొక్కనక్కరలేదు. దారి అందరికిని సమముగా తెరచియున్నదా, గాదెలోని ధాన్యము యజమాని కోరినపుడు వెలికి వచ్చునా యని విచారించిన చాలును. ఆ విచారణ చేయవలసినవారు ఫైళ్ళపై సంతకము చేయు అధికారులు, అభిప్రాయము తెలుప వెనుదీయని పౌరులు. నాడు ఆ ఇరువురును తమ పని చేసిరి.