టీవీలో చూపించే ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ నిజంగా అలాగే ఉంటుందా?

అమెరికన్ టీవీ సిరీస్‌లు చూసేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. పేదింటి కుర్రాడు, పెద్ద మ్యాచ్, గ్యాలరీలో నోట్‌బుక్ పట్టుకున్న కాలేజీ కోచ్. మ్యాచ్ అయ్యాక కోచ్ వచ్చి చెయ్యి కలుపుతాడు. అమ్మ ఏడుస్తుంది. స్కాలర్‌షిప్ వచ్చేసింది, కష్టాలు తీరిపోయాయి! ఇందులో నిజమెంత, కథ ఎంత? ఈరోజు అదే చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతితో ఒకళ్లనొకళ్లు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్.

ఈ విషయంలో అందరూ చెప్పుకునే సిరీస్ ‘ఫ్రైడే నైట్ లైట్స్’. 2006 నుంచి 2011 దాకా ఐదు సీజన్లు వచ్చింది. టెక్సస్‌లోని డిలన్ అనే కల్పిత ఊరు. దీని మూలం మాత్రం నిజం. ఒడెస్సా అనే ఊళ్లో పర్మియన్ హైస్కూల్ జట్టు 1988 సీజన్ మీద బజ్ బిసింజర్ అనే జర్నలిస్టు 1990లో ఒక పుస్తకం రాశాడు. దాన్నుంచి 2004లో సినిమా, తర్వాత సిరీస్ వచ్చాయి.

అందులో స్మాష్ విలియమ్స్ అని ఒక కుర్రాడు ఉంటాడు. పెద్ద కాలేజీ పిలుస్తుంది. ఒక గొడవలో ఇరుక్కుంటే ఆ స్కాలర్‌షిప్ పోతుంది. చిన్న కాలేజీ ఒప్పుకుంటుంది. మోకాలు దెబ్బతింటే అదీ పోతుంది. చివరికి టెక్సస్ ఎ అండ్ ఎమ్‌లో ‘వాక్-ఆన్’గా చేరతాడు. అంటే స్కాలర్‌షిప్ లేదు, జట్టులో చోటు మాత్రమే. ఇది చూసి ‘అబ్బ, డ్రామా ఎక్కువైంది’ అనుకోవచ్చు. కానీ మొత్తం సిరీస్‌లో నిజానికి బాగా దగ్గరగా ఉన్న భాగం ఇదే. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అమెరికా కాలేజీ ఆటలని నడిపించే సంస్థ ఎన్‌సీఏఏ. 1905లో ఫుట్‌బాల్ మైదానాల్లో వరసగా చావులు జరిగితే, గోల పుట్టి, 1906లో ఇది మొదలైంది. ఆటగాళ్లకి డబ్బు ముట్టకూడదు, సరదాకే ఆడాలి అన్నది అప్పటి సిద్ధాంతం. కానీ చాటుగా డబ్బులు నడుస్తూనే ఉన్నాయి. 1948లో గట్టి రూల్ పెట్టారు. కాలేజీలు లెక్క చెయ్యలేదు. 1951కల్లా దాన్ని ఎత్తేశారు. చివరికి 1956లో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని దేశమంతటా ఒప్పుకున్నారు. ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు, బట్టలు ఉతికించుకోడానికి నెలకి 15 డాలర్లు.

సరిగ్గా అదే టైమ్‌లో ఒక కేసు నడుస్తోంది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఎ అండ్ ఎమ్ కాలేజీ ఆటగాడు రే డెన్నిసన్ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం నాకూ ఇవ్వండి అని భార్య కోర్టుకెక్కింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ రోజుల్లోనే ఎన్‌సీఏఏ ‘స్టూడెంట్-అథ్లెట్’ అనే మాటని వాడుకలోకి తెచ్చింది. స్టూడెంట్ అంటే ఉద్యోగి కాదు, ఉద్యోగి కాకపోతే పరిహారం లేదు. అప్పటి అధిపతి వాల్టర్ బయర్స్ 1995లో రాసిన పుస్తకంలో ఈ సంగతి తనే చెప్పాడు.

సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే జేసన్ స్ట్రీట్ అనే క్వార్టర్‌బ్యాక్ వెన్నెముక దెబ్బతిని వీల్‌చైర్ పాలవుతాడు. నిజజీవితంలో కెంట్ వాల్‌డ్రెప్ ఉన్నాడు. 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ తరఫున అలబామా మీద ఆడుతూ మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చింది. నేను కాలేజీకి ఉద్యోగినే అని ఏళ్ల తరబడి పోరాడాడు. 2000లో టెక్సస్ అప్పీల్ కోర్టు కాదని తేల్చేసింది.

ఇంకో మలుపు 1973. అంతకుముందు నాలుగేళ్లకి స్కాలర్‌షిప్ ఇవ్వడం మామూలు. ఆ ఏడాది దాన్ని ఒక్క సంవత్సరానికి కుదించారు. ప్రతి ఏడాదీ కోచ్ దయ తలిస్తేనే కొనసాగింపు. మళ్లీ ఎక్కువ ఏళ్లకి ఇవ్వొచ్చని ఒప్పుకునేసరికి 2012 వచ్చింది. అర్థమైందా? మోకాలు పోతే చదువు కూడా పోవచ్చనే స్మాష్ భయం రచయితల ఊహ కాదు. దాదాపు నలభై ఏళ్లు రూల్ బుక్కే అలా ఉంది.

మరి టీవీ ఎక్కడ తప్పుతుంది? మొదటిది, ఆ కరచాలనం. కోచ్ నోటితో ఇచ్చిన ఆఫర్‌కి చట్టపరంగా విలువ లేదు. సంతకం అయ్యేదాకా ఆ వైపూ మారొచ్చు, ఈ వైపూ మారొచ్చు. ఉన్న సీట్ల కన్నా ఎక్కువమందికి ఆఫర్లు ఇవ్వడం కూడా మామూలే. రెండోది, లెక్క. టీవీలో ఒక్క హైస్కూల్ నుంచే నలుగురైదుగురు వెళ్లిపోతారు. నిజానికి హైస్కూల్లో ఆడే వందమందిలో సుమారు ఏడుగురే ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఆడతారు. వాళ్లలోనూ డివిజన్ త్రీ కాలేజీల వాళ్లకి ఆట స్కాలర్‌షిప్ అసలు ఉండదు.

2018లో మొదలైన ‘ఆల్ అమెరికన్’ సంగతి చూడండి. స్పెన్సర్ పేసింజర్ అనే నిజమైన ఆటగాడి జీవితం దానికి ఆధారం. సిరీస్‌లో కుర్రాడు బెవర్లీ హిల్స్‌లో కోచ్ ఇంట్లోనే ఉంటాడు. పేసింజర్ మాత్రం సౌత్ లాస్ ఏంజెలెస్‌లోని సొంతింటి నుంచే రోజూ స్కూల్‌కి వెళ్లొచ్చేవాడు. బంగళా కనిపిస్తే కథకి రంగొస్తుంది. రోజూ చేసే ప్రయాణం కెమెరాకి పనికిరాలేదు.

ఇక చాటుమాటు డబ్బు. డిలన్‌లో కార్ల షోరూమ్ ఓనర్ బడ్డీ గారిటీ జట్టు కోసం ఎంతకైనా తెగిస్తాడు. అతిశయోక్తి అనుకోకండి. డల్లాస్‌లోని ఎస్‌ఎమ్‌యూలో ఆటగాళ్లకి దొంగచాటుగా జీతాలిస్తున్నారని తేలి, 1987లో ఆ సీజన్ మొత్తాన్నే ఎన్‌సీఏఏ రద్దు చేసింది. చెల్లింపులు ఆపొద్దన్న నిర్ణయంలో తనకీ భాగం ఉందని టెక్సస్ గవర్నరే ఒప్పుకున్నాడు!

ఇప్పుడు బొమ్మ తిరగబడింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025లో ఒక సెటిల్‌మెంట్‌తో కాలేజీలే నేరుగా డబ్బులిచ్చే రోజులొచ్చాయి. అప్పట్లో నేరమైంది, ఇప్పుడు కాంట్రాక్ట్.

కాబట్టి నా మాట ఇది. టీవీ కాగితాల్ని తప్పు చూపించింది, భయాన్ని మాత్రం సరిగ్గా పట్టుకుంది. పదిహేడేళ్ల పిల్లాడి మోకాలి మీద ఇంటిల్లిపాదీ ఆశ నిలబడటం నిజం. టెక్సస్‌లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, ఆ స్కూళ్లలో మన పిల్లలూ చదువుతున్నారు. ఎవరైనా ఆఫర్ వచ్చింది అని సంబరపడితే, అభినందించండి. తర్వాత ఒకే ప్రశ్న అడగండి: ఎన్నేళ్లకి, దెబ్బ తగిలితే ఏంటి, కాగితం మీద రాసిచ్చారా?

మీరు చూసిన సిరీస్‌లో ఇలాంటి సీన్ ఏదైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.